చెవితో తిన్న మిఠాయి

ఈ మాట ఇన్నేళ్ళుగా నా నోట్లోనే ఉంది. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. తిన్న ప్రతి ముద్దా దాని మీదుగానే దిగింది. నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. నా మొహం చూసేవాళ్ళకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పి ఉందును.

నాకు చదువు లేదు. తమిళంలో సంతకం గీస్తాను, అంతే. ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ, ఈ తమిళనాడు కోవిల్‌పట్టిలో మావాళ్ళెవరికీ తెలుగు అక్షరాలు రావు. నెల్లూరు నుంచి పక్కింటికి కోడలై వచ్చిన అమ్మాయికి వస్తాయి. నేను చెబుతుంటే తను రాస్తోంది. నా యాసను సరిచేసి రాయమ్మా అన్నాను. నా తప్పును మాత్రం సరిచేయొద్దన్నాను.

నా భర్త మా అమ్మకు తమ్ముడు. పెళ్ళికి ముందూ మామా అనే పిలిచాను, పెళ్ళయ్యాకా మామా అనే పిలిచాను. వేరుశనగ మిఠాయి చేసేచోట ఆయన పాగు మాస్టరు, అంటే పాకం పట్టేవాడు. బెల్లం పాగు ఉడుకుతుంటే ఒక చుక్క చన్నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. టక్కుమంటే దించాలి. వంగితే ఇంకా కాగాలి. ఆ తర్వాత నాలుక కొసకు తాకించి, రుచి చూసి, ఉమ్మేసేవాడు. మింగడు. పొద్దస్తమానం తీపి మింగితే ఆ పనిలో మనిషి నిలవడని ఆయనకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడట.

అయినా ఆయనకు సుగరు వచ్చింది. తిని కాదు. మా అవ్వకు, అంటే ఆయన అమ్మకు ఉండేది, అది మా రక్తంలోనే ఉంది. మాత్రలతో ఆగలేదు, సూదిమందు దాకా వచ్చింది. అంత నిప్పు ముందు నిలబడే మనిషి, సూదిని చూడలేడు. గోడవైపు తిరిగి చొక్కా పైకెత్తేవాడు. పొద్దునా సాయంత్రమూ నేనే వేసేదాన్ని. ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో నాకే తెలుసు. ఆయన ప్రాణం నా చేతిలో ఉండేది. ఇది మరిచిపోకు.

విరుదునగర్‌లో మా అక్క ఉంది. వాళ్ళ వీధివాళ్ళు వ్యాను మాట్లాడుకుని పాండిచ్చేరికి బయలుదేరారు. అక్కకు మోకాళ్ళనొప్పి, తనూ బావా పోవలసిన చోటు మాకిచ్చింది. మామకు ఒకటే ఆశ. ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు, వాళ్ళ రొట్టెలూ మిఠాయిలూ చేసే అంగళ్ళు ఇప్పటికీ ఉన్నాయట, వాళ్ళు చక్కెరను ఎట్లా కాస్తారో చూడాలి, అన్నిట్లోకీ మేలైనదేదో కనుక్కోవాలి. నాకా? అగ్గిపెట్టెల పని, ఇల్లు, మళ్ళీ అగ్గిపెట్టెల పని. మా ఊరి పక్కనున్న కళుగుమలై తిరునాళ్ళే నేను చూసిన దూరదేశం.

ముందురోజే అక్క ఇంటికి చేరాం. మా ఇంట్లో మందుసీసాను తడి ఇసుక మీద, మట్టిముంతలో ఉంచుతాం. ముంతతో సహా తెచ్చాను. అక్క ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా, ఇంత దొడ్డ ఇంటికి వచ్చి ముంత ఏమిటని, సీసా తీసి అందులో పెట్టాను. పొద్దున్నే ఆయనకు సూది వేసి మళ్ళీ అందులోనే పెట్టాను. వ్యాను హారను మోగుతూనే ఉంది. పరుగెత్తాం. సూది వల్ల ఆలస్యమైందని చెబితే ఒకాయన విసుక్కోకుండా ఎగతాళి చేశాడు.

"ఏమి మాస్టరూ, మిట్టాయి చేసేవానికే ఊసి గుచ్చుతుండారా? చేపకి జలుబు పట్టినట్ల ఉండాదే!"

వ్యానంతా నవ్వింది. మామా నవ్వాడు. నేను మాత్రం తల దించుకున్నాను.

తిరుమంగళం దాటామో లేదో అక్క ఫోను.

"ఏమే, మందు ఈడనే ఉండాదే! వ్యాను నిలపమను. మీ బావ బండిలో ఎత్తుకోని వస్తాడు."

ఊ అంటే చాలు. మందు వచ్చేసేది.

"ఇంకొకటి ఉండాదిలేక్కా" అన్నాను.

ఎందుకన్నాను? ఎన్నిసార్లు అడిగానో ఈ ప్రశ్న. వాళ్ళు మళ్ళీ ఆగాల్సి వస్తే మళ్ళీ నవ్వుతారనా, ఇన్నేళ్ళకు ఒక్కసారి ఇల్లు దాటితే అది కూడా ఆయన రోగం చుట్టూనే తిరగాలా అన్న కసా, లేక మధురైలోనో పాండిచ్చేరిలోనో మందు దొరక్కపోతుందా అన్న ధీమానా? మూడూ ఉన్నాయి. ఏది ఎక్కువో నాకు తెలుసు. కసి ఎక్కువ.

సాయంత్రం ఆయన చొక్కా ఎత్తబోతే, "ఊరికి పోయినప్పుడు మాత్తర చాలునని డాక్టరే చెప్పినాడు మామా" అన్నాను. నమ్మాడు. సూది లేదని పిల్లవాడిలా సంబరపడ్డాడు. ఆ సంబరం ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

మరునాడు ఆ పసుపు గోడల వీధులన్నీ తిప్పాడు. కాగితం పూలు రాలిన దారుల్లో, వాసన ఎక్కడొస్తే అక్కడికి. నెలవంక లాంటి రొట్టెను పొర పొరగా విప్పి చూశాడు. వెన్నను చీర మడిచినట్టు మడిచారే అని మురిశాడు. రంగురంగుల తీపి బిళ్ళలు, పండ్లు పొదిగిన చిన్న చిన్న పళ్ళేల్లాంటి రొట్టెలు. అన్నీ నాలుక కొసకు తాకించడం, రుమాలులో ఉమ్మడం, మిగతాది నాకివ్వడం. అలవాటు. నేను తిన్నాను. అంతా తిన్నాను.

చివరి అంగట్లో ఒక చిన్న గిన్నె తెచ్చిచ్చారు. లోపల పాలమీగడ, పైన కాల్చిన చక్కెర అద్దంలా గట్టిగా. మామ గిన్నెను చెవి దగ్గరికి ఎత్తి చెంచాతో తట్టాడు. టక్.

"విన్నావామే! ఇది మన పాగేనే! దొరగూడా ఈ సద్దం కోసరమేనా కాస్తుండేది!"

"ఒక్క చెంచా తిను మామా."

"నాకి ఇనపడింది, చాలు. ఇదే మేలైంది. నువ్వు తిను."

"ఇంత దూరం వచ్చింది ఉమ్మేదానికా?"

"నాలుక్కి పనుండాది పిల్లా, కడుపుకి లేదు." నవ్వి, "నీళ్ళు తే. ఏమో, దప్పి ఆగలే" అన్నాడు.

పొద్దుటి నుంచీ నీళ్ళే తాగుతున్నాడు. ఎందుకో నాకు తెలుసు. ఎదురుగా, రోడ్డు దాటితే మందులషాపు. దాన్ని చూశాను. చేతిలో చెంచా ఉంది. ఇది తినేసి పోదాం అనుకున్నాను. తిన్నాక, మందు కొంటే అబద్ధం బయటపడుతుందే అనుకున్నాను. ఒక్కసారి అబద్ధం చెప్పాక మనిషికి కాదు, ఆ అబద్ధానికి కాపలా కాస్తాం.

ఆ రాత్రి తిరిగి వచ్చే దారిలో వాంతులు. ఊపిరిలో మాగిన పండు వాసన. "మాస్టరు బాగా లాగించినాడప్పా" అని వ్యానులో నవ్వుకున్నారు. అదే వ్యానులో కోవిల్‌పట్టి దాకా వచ్చి, చేరగానే ఆసుపత్రికి తీసుకుపోయాం. సూది తప్పకుండా వేశారా అని డాక్టరు అడిగాడు. వేశానన్నాను. ఏం తిన్నాడని అడిగాడు. పాండిచ్చేరిలో మిఠాయిలు తిన్నాడు, వద్దన్నా వినలేదు అన్నాను.

అప్పుడు మామ కళ్ళు తెరిచే ఉన్నాయి. చక్కెర పొర పగిలే చప్పుడు పట్టే చెవి ఆయనది. నా మాట వినబడలేదంటావా? నావైపు చూశాడు. కాదనలేదు. గోడవైపు తిరిగాడు, సూదికి తిరిగినట్టే. తెల్లవారకముందే పోయాడు.

నిజం చెప్పి ఉంటే బతికేవాడా? తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు వేసిన శిక్ష.

తీపి చేసినవాణ్ణి తీపే తినేసిందని ఊరంతా అనుకుంది. ఆయనతో పనిచేసినవాళ్ళు కూడా, ఇన్నేళ్ళు నోరు కట్టుకుని చివరికి ఇట్లా చేశాడే అన్నారు. నేను తల ఊపాను. మా మనవడు మిఠాయి కోసం ఏడిస్తే నా కూతురు, "తాత మాదిరి తిండిపోతు అవుతావా?" అని కసురుతుంది. ఆ పిల్లవాడికి తాత గురించి తెలిసింది అదొక్కటే.

మాలో పోయినవాళ్ళ తిథికి వాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో వేసి పటం ముందు పెడతారు. మా ఇంట్లో మామ ఆకులో తీపి ఉండదు. కూతురు పెట్టనివ్వదు. ఈసారి నేనే ఒక వేరుశనగ మిఠాయి ముక్క పెట్టాను. చూసింది.

"ఏమ్మా, పోయినాక గూడా ఆ మనిషికి అదేనా? ఆయన్ని తినింది చాలదా?" అని తీసి పారేసింది.

ఆయన తినలేదే అని నోరు తెరిచాను. మూసుకున్నాను. కూతురు కూడా లేకపోతే నాకెవరున్నారు? చూశావా, మళ్ళీ నా లెక్కే.

అందుకే ఈ అక్షరాల్లో చెబుతున్నాను. నా కూతురు మాట్లాడే భాషే, ఆమె చదవలేని అక్షరాలు. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు. నన్ను క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు, ఆ మనిషి గోడవైపు తిరిగిపోయాడు. నోట్లో ఉన్నది బయటపడింది. నోరు ఖాళీ అయింది, అంతే.

రాసే అమ్మాయి పెన్ను ఆపింది. నావైపు చూడటం లేదు. ఇంకొక్కటి రాయమ్మా, విడిగా, పెద్దగా రాయి.

ఆయన తినలేదు. తిన్నది నేను.