యాడ గట్టిపడిందో చూపించు

నా చిన్నప్పుడు మా వీధిలో దూదేకుల తాత విల్లు మోగిందంటే చేతిలో ముద్ద కూడా వదిలేసి పరుగెత్తేదాన్ని. ఆ ఝుంయ్ ఝుంయ్ మోత, గాల్లోకి లేచే దూది, రాయిలా గట్టిపడిన పాత పరుపు ఒక్క పూటలో పొంగి లేవడం... అబ్బా, బనగానపల్లె దగ్గరి మా చిన్న పల్లెలో అంతకు మించిన తమాషా లేదు. అరవై దాటాక కూడా ఈ మాట చెబుతుంటే నా చేతులు ఊరుకోవు.

ఇప్పుడు కడపలో ఉంటాను. మనస్తత్వ నిపుణురాలిని. ఎందుకు బతకాలి అని అడిగేవాళ్లతో కూర్చోవడం నా పని. దానికోసం అస్తిత్వ చికిత్స నేర్చుకున్నాను, అది చాలదనిపించి దైవశాస్త్రమూ చదివాను. మనస్తత్వం చెప్పిన గురువులు దేవుణ్ణి చెప్పులతో పాటు గది బయటే వదిలి రమ్మన్నారు. దైవశాస్త్రం చెప్పినవాళ్లు సందేహాన్ని వదిలి రమ్మన్నారు. నేను అసలే మొండిదాన్ని. రెండింటినీ వెంటేసుకుని లోపలికి వెళ్లాను. ఆ మొండితనం ఏ కాలేజీలోనూ అబ్బింది కాదు, నా తొమ్మిదో ఏట మా ఇంటి అరుగు మీద అబ్బింది.

ఆ ఏడు మా తమ్ముడు జ్వరంతో పోయాడు. రెండేళ్లవాడు. అమ్మ మంచం దిగడం తగ్గించేసింది, తిండి దాదాపు మానేసింది. దేవుని గూట్లో దీపం పెట్టడం పూర్తిగా మానేసి, గూటికి వీపు పెట్టి పడుకునేది. కంట నీటిచుక్క లేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగేది, నా బిడ్డ ఏం తప్పు చేశాడని. అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉండేది. ఒకరు పూర్వజన్మ అన్నారు. ఒకరు మంచివాళ్లను దేవుడు తొందరగా పిలుచుకుంటాడన్నారు. ఒకామె మళ్లీ కడుపు పండుతుందిలే అంది. జవాబు విన్న ప్రతిసారీ అమ్మ ఇంకొంచెం గోడవైపు జరిగేది. తను కూడా వెళ్లిపోతుందేమోనని బళ్లో కూర్చున్నా నాకు అదే భయం.

పోయినవాళ్ల పరుపు ఇంట్లో ఉంచకూడదని మా వైపు పట్టింపు. ఊరి బయట పారేయాలి. మా అవ్వ ఆ మాట ఎత్తినప్పుడల్లా అమ్మ తమ్ముడి చిన్న పరుపును ఒళ్లోకి లాక్కునేది. ఒక ఉదయం విల్లు మోత వినబడగానే నా బుర్ర వెలిగింది. దీన్నే ఏకించి కొత్తదానిలా చేయిస్తే ఇక అవ్వ పారేయమనదు కదా! అమ్మ పెరట్లోకి వెళ్లిన సందు చూసి, పరుపును చంకన పెట్టుకుని, తాతను మా అరుగు మీదికి పిలుచుకొచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. తాత కుట్టు విప్పి సగం దూది బయటికి లాగాడో లేదో అమ్మ వచ్చింది. అలాంటి అరుపు నేను మళ్లీ వినలేదు. ఆ పరుపులో తమ్ముడి తల ఆనిన పల్లం ఉండేది. దాన్ని నా చేతులతో నేనే పోగొట్టానని అప్పుడు తెలిసింది.

తాత లేవలేదు, సర్దిచెప్పలేదు. విల్లు పక్కన పెట్టి కళ్లు నులుముకున్నాడు.

"నా కండ్లు సరిగా కనపడవు తల్లీ. యాడ గట్టిపడిందో తెలీడంల్యా. రోంత నువ్వే చూపించు."

అమ్మ పరుపు దగ్గరికి వచ్చింది. అక్కడే కూర్చుంది. గట్టిపడిన దూదిని వేళ్లతో విడదీస్తూ, వాడు పాలు కక్కింది ఇక్కడే అంది. ఇంకొంచెం తీసి, జ్వరం రాత్రి చెమటంతా ఇక్కడే అంది. ఒక్కో దూది ఉండకు ఒక్కో మాట. తాత ఊఁ అంటూ అందుకుని ఏకుతున్నాడు. చివరికి అమ్మ ఆయన్నీ అడిగింది, నా బిడ్డ ఏం తప్పు చేశాడో మీ దేవుడైనా చెబుతాడా అని. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. ఈయన కూడా ఒక జవాబు చెప్పేస్తే అమ్మ మళ్లీ గోడవైపు తిరిగిపోతుంది.

"నా కూతురు పోయి పన్నెండేండ్లాయ తల్లీ. నమాజు చేసినప్పుడల్లా నేనూ అడుగుతాండా. ఆయన ఇంగా చెప్పల్యా. నేనూ ఇడిసిపెట్టల్యా."

అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. అప్పుడు ఏడ్చింది, అన్ని రోజుల ఏడుపూ ఒక్కసారే. అది వీధికి వినబడకుండా తాత విల్లును గట్టిగా మోగిస్తూనే ఉన్నాడు. దూది లేచింది చూడండి! అమ్మ జుట్టులో దూది, నా రెప్పల మీద దూది, ఏం జరిగిందోనని తలుపు తీసిన మా అవ్వ ముక్కు మీద దూది. అమ్మ వరసగా మూడు తుమ్ములు తుమ్మి, అవ్వ ముఖం చూసి నవ్వేసింది. ఏడుస్తూనే నవ్వింది. నేను అరుగు మీంచి కిందికి, కింద నుంచి అరుగు మీదికి గెంతుతూనే ఉన్నాను.

ఆ దూదితో తాత రెండు దిండ్లు కుట్టాడు, అమ్మకొకటి, నాకొకటి. కుట్టడానికి కూర్చున్నప్పుడు దారం కొస తడిపి ఒక్క ప్రయత్నంలోనే సూదిబెజ్జంలోకి దూర్చాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నాకేసి కన్ను కొట్టాడు. ఆ కళ్లకు ఏ లోపమూ లేదు.

మధ్యాహ్నం అమ్మ జొన్నరొట్టె తింది. తిని, దేవుని గూటి ముందు నిలబడి దేవుడితో పోట్లాట పెట్టుకుంది. అవ్వ అపచారమని చెవులు మూసుకుంది. నాకు మాత్రం సంతోషం పట్టలేదు. వీపు పెట్టి పడుకున్న మనిషి ఎదురుగా నిలబడింది కదా! దీపం వెలగడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. నా మటుకు మా అమ్మ నాకు తిరిగి దక్కింది ఆ పోట్లాటప్పుడే.

ఈమధ్య మంగంపేట గనుల్లో పనిచేసే ఒకాయన వచ్చాడు. భార్య పోయింది. రెండు చదువులూ చదివారంట కదా మేడం, దేవుడు ఇట్లా ఎందుకు చేశాడో మీరైనా చెప్పండి అన్నాడు. రెండు చదువుల జవాబులూ నా నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. చదువుకున్నదాన్ని, చెప్పాలని ఆశ ఉంటుంది కదా. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాను.

"నా కండ్లు సరిగా కనపడవు నాయనా. యాడ గట్టిపడిందో నువ్వే చూపించు."

ఆయన నన్ను వింతగా చూశాడు. తర్వాత, భార్య తెల్లారుజామున రొట్టెలు తట్టే చప్పుడు దగ్గర చెప్పడం మొదలుపెట్టాడు.