దోర్నాల ఘాటుకు ఒక పాటల సెట్టు

మా కారులో ఏ పాటల సెట్టు ఉండాలో ఇంతవరకు మావాళ్ళు ఒక్కరు కూడా నన్ను అడగలేదు. కారు నాది. నడిపేది నేను. దుకాణం మూసుకుని ఆ సెట్టు కోసం ఊళ్ళు తిరిగింది నేను. అయినా మా బంధువుల్లో ఎవరు ఆ కథ ఎత్తుకున్నా "బావ బిగించిన సెట్టు" అనే అంటారు. నేను పక్కనే కూర్చుని ఉన్నా నా వైపు చూడరు. చెప్పబోతే కాఫీ తెచ్చి చేతిలో పెడతారు. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు మధ్యలో మాట మార్చేవాళ్ళు ఉండరు.

మాది తర్లుపాడు. చిన్న కిరాణా దుకాణం. మా ఆవిడ పుట్టిల్లు మార్కాపురం. ఆమె అన్న, అంటే మా బావ, అక్కడే ఇంటి కింద దుకాణం పెట్టి కార్లకు సీటు కవర్లు, అద్దాలకు అంటించే నల్ల కాగితం, పాటల సెట్లు అమ్ముతాడు. ఆమె అక్కను ఆత్మకూరులో ఇచ్చారు. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే ఈమెకు తలదువ్వి, అన్నం పెట్టి, బడికి తోలింది. అక్క పేరు ఎత్తితే చాలు, మా ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతు అయిపోతుంది.

అయితే ఆత్మకూరు పోవాలంటే దోర్నాల దాటి నల్లమలలో ఘాటు ఎక్కి దిగాలి. ఆ మలుపులు మా ఆవిడకు పడవు. బండి కొండ ఎక్కడం మొదలుపెట్టగానే మాట తగ్గిపోతుంది, పెదాలు పాలిపోతాయి, ఆ తర్వాత బండి ఆపక తప్పదు. నిమ్మకాయ వాసన చూపించాం. మాత్ర మింగించాం. ఎవరో చెప్పారని సీటు మీద పాత పేపరు పరిచి దాని మీద కూర్చోబెట్టాం. ఏదీ పనిచేయలేదు. ఒకసారి అక్క ఇంటికి చేరి కూడా రోజంతా మంచం మీదే పడుకుంది. అక్క ఆమె కోసం చేసిన పిండివంటలన్నీ నేనే తినవలసి వచ్చింది. అప్పటినుంచి ఆమె ఆ దారి మానేసింది.

అక్క ఫోనులో "ఎప్పుడొస్తావే?" అని అడిగేది.

"వస్తాలే అక్కా, ఎండలు తగ్గనీ" అనేది ఈమె.

ఎండలు తగ్గేవి. వానలు పడేవి. ఈమె పోయేది కాదు. ఫోను పెట్టేశాక కాసేపు వంటింట్లో గిన్నెల చప్పుడు ఎక్కువగా వినిపించేది. చివరికి అక్కకు మోకాలి ఆపరేషను చెయ్యాలన్నారు. కర్నూలు ఆసుపత్రికి పోయే ముందు చెల్లెల్ని ఒకసారి చూడాలని ఉందంది. ఈసారి ఎండల మాట చెప్పడానికి మా ఆవిడకు నోరు రాలేదు. ఫోను చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. అంతకుముందెప్పుడో ఇద్దరం బస్సులో శ్రీశైలం పోయాం. అదీ దోర్నాల నుంచి ఎక్కే ఘాటే. ఆ రోజు మా ఆవిడకు కడుపులో తిప్పలేదు. డ్రైవరు దారి పొడుగునా పాటలు పెట్టాడు. మేము పట్టుకున్న సీటును కండక్టరు వేరేవాళ్ళకు ఇచ్చి మమ్మల్ని వెనక్కు పంపాడు కాబట్టి ఆ ప్రయాణం నాకు బాగా గుర్తు. పాటలు ఉంటే ఘాటు గడుస్తుందని నాకు అర్థమైంది.

పాటలు ఆమె దగ్గరే ఉన్నాయి. జేబులో పట్టే పాటల డబ్బాలు వచ్చిన రోజులవి. ఒంగోలు పోయినప్పుడు ఒకటి కొని, కంప్యూటరు దుకాణంలో ఆమెకు ఇష్టమైన పాత పాటలన్నీ ఎక్కించి తెచ్చాను. అంట్లు తోముతూ వినేది. కారులో మాత్రం చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుంటే తల ఇంకా ఎక్కువ తిరిగేది. పాట కారంతా వినిపించాలి. మా పాత కారులో ఉన్నది క్యాసెట్ల సెట్టు, దాని మూత ఎప్పుడో ఊడిపోయింది.

గిద్దలూరులో ఒక పెళ్ళికి ఆమె పాటల డబ్బా జేబులో వేసుకుని ఒక్కడినే పోయి వస్తూ, రోడ్డు పక్కన సెట్లు అమ్మే ఒక దుకాణం దగ్గర కారు ఆపాను. దుకాణదారు నా ఈడు మనిషి. పాటల డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని పెన్ డ్రైవు పెట్టినట్టు పెడితే సెట్టు చదవదన్నా. చెవి వైరు పెట్టే చిల్లుంది చూడు, దాంట్లోనుంచే పాట తీసుకోవాల. సెట్టుకు ముందర కూడా అట్లాంటి చిల్లే ఉండాల. రెండిటికీ మధ్యన ఒక వైరు. అంతే."

అని వైరు తగిలించి పాట పెట్టాడు. మా ఆవిడ వంటింట్లో వినే పాట నడిరోడ్డు మీద నిండుగా వినిపించింది.

"ఎవురు వినేదన్నా? నువ్వా, వదినా?" అని అడిగాడు.

"మీ వదినే. ఘాటులో ఆమెకు కడుపులో తిప్పుతాది."

"అయితే ఒత్తే బటన్లది వద్దు. గుండ్రటి మీట ఉన్నది తీసుకో. కళ్ళు మూసుకొని ఉన్నా చేత్తో తిప్పుకుంటాది."

నా జన్మలో సెట్టు గురించి నన్ను ప్రశ్న అడిగింది ఆ మనిషి ఒక్కడే. రేపు వచ్చి బిగించుకుంటానని మాట ఇచ్చి ఇంటికి వచ్చాను. మా ఆవిడ విని తల వంచుకుంది.

"బాగానే ఉందండి. కానీ మా అన్న దుకాణం పెట్టుకొని ఉండగా గిద్దలూరులో కొంటే, ఆయన ముఖం నేనెట్ల చూసేది?"

ఆమె అన్నది నిజమే. మా వాళ్ళలో అంతే. అయినవాళ్ళకు దుకాణం ఉంటే గుండుసూది కూడా బయట కొనకూడదు. అక్కడికి పోతే ధర అడగకూడదు, ఇంకోటి చూపించమనకూడదు. పనిచేస్తుందో లేదో పెట్టి చూపించమని అసలే అనకూడదు. అలా అంటే నమ్మకం లేదని మొహం మీద చెప్పినట్టే. నా దుకాణానికి వచ్చే చుట్టాలు ఈ నియమం పాటించరు. కందిపప్పు నోట్లో వేసుకుని నమిలి చూస్తారు. అది వేరే సంగతి.

ఆత్మకూరు బయలుదేరిన రోజు, దారిలో మార్కాపురంలో కారు ఆగగానే బావ ఎదురొచ్చాడు.

"రా బావా, కూర్చో. కాఫీ చెప్పినా."

"బావా, ముందర చిల్లు ఉన్న సెట్టు కావాల. మీ చెల్లెలు పాటల డబ్బా తగిలించుకునేదానికి."

"అన్నీ ఉంటాయిలే. మనోళ్ళు నువ్వు, నాకు చెప్పాల్నా?"

"గుండ్రటి మీట ఉండేది…"

"కాఫీ చల్లారిపోతాంది, తాగు బావా."

కాఫీ తాగాను. అంతలో పనివాడు నీలం దీపాలు వెలిగే సెట్టు ఒకటి తీసుకుపోయి కారులో బిగిస్తున్నాడు. అన్నీ ఒత్తే బటన్లే. నేను లేచాను.

"నువ్వు లేస్తావేంది? నా చెల్లెలు కూర్చునే కారు, నేను చూసుకోనా?" అని భుజం మీద చెయ్యి వేసి బావ నన్ను కూర్చోబెట్టాడు. ఇంకో కాఫీ వచ్చింది. పాటల డబ్బా పైన, ఇంట్లో, మా ఆవిడ దగ్గర ఉంది. తెమ్మని అడిగితే సెట్టును పరీక్ష పెట్టినట్టే. అడగలేదు.

బయలుదేరేటప్పుడు ఆమె వదిన బొట్టు పెట్టి పసుపు కుంకుమ, రవికె గుడ్డ, కొబ్బరికాయ, అరటిపళ్ళు ఒక గుడ్డ సంచిలో పెట్టి ఇచ్చింది. మా ఆవిడ పుట్టింటివాళ్ళకు దీంట్లో ఒక పట్టింపు ఉంది. ఆడబిడ్డకు పెట్టిన ఆ సంచిని దారిలో విప్పకూడదు. ఆమె తన ఇంటికి చేరాక దేవుడి ముందు పెట్టి విప్పాలి. మధ్యలో ఎన్ని ఊళ్ళు తిరిగినా అంతే. మా ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బావ కిటికీ దగ్గరకు వచ్చి చెల్లెలితో ఏదో చెప్పి, సంచిలో చెయ్యి పెట్టి తీశాడు. అన్నాచెల్లెళ్ళ మధ్య నాకెందుకని అటు చూడలేదు.

దోర్నాలలో టీ తాగి, ఘాటు ఎక్కేముందు పాటలు పెడదామని కారు పక్కకు తీశాను. సెట్టుకు ముందర చిల్లు ఉంది. ఆ మాటకు బావను తప్పుపట్టను. వైరు లేదు. ముందు అరలో వెతికాను. సీట్ల కింద తల పెట్టి వెతికాను. డిక్కీ తీసి స్టెప్నీ టైరు ఎత్తి చూశాను. మా ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"దొరికిందా?"

"లేదు. మీ అన్న వైరు పెట్టడం మర్చిపోయినాడు."

"పోనీలెండి. పోదాం పాండి. అక్క అన్నం పెట్టుకొని ఎదురు చూస్తా ఉంటాది."

రేడియో పెడితే బరబరమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. నాకు ఒళ్ళు మండింది. మొదటి మలుపు దగ్గరే మొదలుపెట్టాను.

"ఒక్క మాట విన్నాడా మీ అన్న? కాఫీ తాగు, కాఫీ తాగు. నేను కాఫీకి వచ్చినానా?"

నేను ఆపలేదు. కాఫీ సంగతి అయ్యాక బావ గృహప్రవేశం సంగతికి పోయాను. అక్కడ ఫోటోలో నన్ను స్తంభం వెనక నిలబెట్టారు, నా చెయ్యి ఒక్కటే పడింది. అక్కడినుంచి మా పెళ్ళికి పోయాను.

"కొత్త అల్లుడి పెదనాయనని కూడా చూడకుండా, మా పెదనాయనను రెండో బంతిలో కూర్చోబెట్టినారు భోజనానికి."

"రెండో బంతి కాదండి" అంది ఆమె. "మూడో బంతి."

కారు నెమ్మది చేసి ఆమె వైపు చూశాను. ఇన్నేళ్ళ తర్వాత నాకు తెలియని అవమానం ఇంకొకటి బయటపడింది.

"మూడో బంతా?"

"రెండో బంతిలో వడ్డించేటప్పుడు సాంబారు అయిపోతే లేపి పక్కన కూర్చోబెట్టినారు. మీకు బాధని చెప్పలేదు."

అని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాంతి అనుకుని కారు ఆపబోయాను. ఆమె నవ్వుతోంది. భుజాలు కదిలేటట్టు, కళ్ళలో నీళ్ళు తిరిగేటట్టు నవ్వుతోంది. "పోనీండి, పోనీండి, ఆ ఫోటో సంగతి మళ్ళీ చెప్పండి" అంది. నేను మళ్ళీ చెప్పాను. ఘాటు అయిపోయి అటువైపు చెక్‌పోస్టు దగ్గర గేటు ఎత్తేదాకా చెబుతూనే ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా బండి ఆపమనలేదని అప్పుడు గమనించాను.

అక్క గోడ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. చెల్లెలి రెండు బుగ్గలూ పట్టుకుని కళ్ళలోకి చూసింది.

"కక్కుకోలేదా?"

"లేదక్కా."

"ఆకలైతాందా?"

"బాగా అయితాంది."

అక్క కళ్ళు తుడుచుకుని కారులోకి తొంగి చూసింది. "మా తమ్ముడు మంచి సెట్టు పెట్టినాడే" అంది. అక్కడికక్కడే తమ్ముడికి ఫోను చేసి మెచ్చుకుంది కూడా. ఆ సెట్టు నుంచి ఒక్క పాట రాలేదని చెబుదామని నోరు తెరిచాను. నా చేతికి కాఫీ ఇచ్చారు. సాయంత్రం అక్క కుర్చీలో కూర్చుని, చెల్లెల్ని మెట్టు మీద కూర్చోబెట్టుకుని తల దువ్వింది. ఇంత పెద్ద మనిషి, అక్క మోకాలికి తగలకుండా జాగ్రత్తగా ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆ సమయంలో నేను సెట్టు మాట ఎత్తలేదు. ఇది కూడా ఎవరూ గుర్తించలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ దేవుడి ముందు సంచి విప్పింది. కొబ్బరికాయకూ రవికె గుడ్డకూ మధ్యన నల్ల వైరు ఉంది, చుట్ట చుట్టి, కొసకు పసుపు అంటి.

"ఓ, ఇక్కడుందా" అంది ఆమె.

"మీ అన్న చెప్పలేదా?"

"ఏదో చెప్పినాడండి. కారు చప్పుడులో ఏం వినపడతాది?"

మార్కాపురం పోయి బావనే అడిగాను. "ఆడబిడ్డ ఒళ్ళో పెట్టినా బావా. అంతకంటే భద్రమైన చోటు ఏముంటాది?" అన్నాడు. కాఫీ చెప్పాడు.

అక్క ఆపరేషను బాగా జరిగింది. ఇప్పుడు తరచుగా పోయి వస్తున్నాం. వైరు తగిలిస్తే పాటలు బ్రహ్మాండంగా వస్తాయి. అయితే దోర్నాల దాటి మొదటి మలుపు రాగానే మా ఆవిడ చెయ్యి చాపి, ఆ బటన్లలో వెతుక్కుని, పాట ఆపేస్తుంది. "ఆ కాఫీ సంగతి చెప్పండి" అంటుంది. శ్రీశైలం బస్సులో పాటలుంటేనే కదా నీకు బాగుంది అని ఒకసారి అడిగాను.

"ఆ రోజు పాటలు పెట్టినారా?" అంది. "నాకు గుర్తు లేదండి. దోర్నాల నుంచి శిఖరం దాకా మీరు కండక్టరుతో తగువు పడింది గుర్తుంది."

నేను రాసింది ఏదైనా ఆమె చదువుతుంది, ఇదీ చదువుతుంది. కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. ఆ రోజు దోర్నాలలో నేను సీట్ల కింద తల పెట్టి వెతుకుతుంటే, నీ ఒళ్ళో ఉన్న సంచిలో వైరు ఉందని నీకు తెలుసా, తెలియదా? ఇన్నేళ్ళుగా ఎప్పుడు అడిగినా నవ్వి లేచిపోతున్నావు. ఈసారి నవ్వితే ఊరుకోను. ఒక్క మాటలో జవాబు చెప్పు.