వంచిన గ్యాస్కెట్

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట వినగానే నవ్వుతారని తెలుసు. అందుకే మా నాయన మీదా, ఒకే విడతలో పదిహేను మందిని మోసిన మా తెల్లకారు మీదా ఒట్టేసి మొదలుపెడుతున్నాను. పదిహేను మంది అన్నది కూడా నిజమే. రెండు మేకపోతుల్ని అందులో కలపలేదు.

మాది ఆళ్లగడ్డ. మా నాయన ఆ కారును నంద్యాలకు బాడుగకు తిప్పేవాడు. అప్పుడు మా చిన్నమ్మకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, సోమవారం పొద్దున్నే నంద్యాల తీసుకొస్తే ఆపరేషన్ చేసి తీస్తాననీ డాక్టరమ్మ చెప్పింది. ఆ గుంతల రోడ్డులో బస్సు మాత్రం ఎక్కించొద్దంది. నాయన తన కారులోనే పడుకోబెట్టి తీసుకుపోతానని మాటిచ్చాడు. ఇచ్చిన మూడోరోజే కారు లాగడం మానేసింది.

దాన్ని మా గ్యారేజీ మామ దగ్గరికి తోసుకుపోయాం. ఆయన టోపీ మీద కూడా గ్రీజు వేలిముద్రలే ఉండేవి. ఇంజను విప్పి, కాలిన వాల్వు మార్చి, ఆదివారం పొద్దుటికి మిగతాదంతా సిద్ధం చేశాడు. ఇక మిగిలింది గ్యాస్కెట్. ఇంజను దిమ్మకూ, దాని మీద బిగించే హెడ్డుకూ మధ్య వేసే పలుచని అట్టలాంటిది అది. నాలుగు పెద్ద బొక్కలూ, చుట్టూ చిన్న బొక్కలూ ఉంటాయి. నీళ్లు, నూనె, మంట ఒకదాని దారిలోకి ఇంకొకటి పోకుండా అదే కాపలా.

పాతది చూడటానికి చక్కగా ఉంది. నాయన దాన్ని ఎత్తి పట్టుకుని, "ఏమైందప్పా దీనికి? పెండ్లికూతురు మాదిరి ఉండాది. తుడిసి ఏసెయ్" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. చివరికి నాయన చీటీ రాసి నా చేతికిచ్చి, నంద్యాలలో తనకు తెలిసిన షాపుకు బస్సులో పంపాడు. ఆదివారం మధ్యాహ్నానికి షాపు మూసేస్తారు. నాకప్పుడు పదేళ్లు.

గ్యాస్కెట్ తెచ్చాను. తెచ్చినవాణ్ని ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవచ్చు కదా. తిరుగు బస్సులో అట్టపెట్టెలోంచి బయటికి తీసి, రెండు బొక్కల్లోంచి కళ్లజోడులా చూశాను. పక్కనున్న పెద్దాయన ఏందిరా అదీ అనడిగాడు. విమానం సామాను అన్నాను. వెలుగోడు చెరువులో విమానం దిగిందనీ, దీనికోసమే ఎగరలేక నిలబడి ఉందనీ చెప్పాను. బస్సులో సగం మంది నావైపు తిరిగారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపేశాడు. రెక్కలు ఎలా ఆడతాయో చూపించబోయి, గ్యాస్కెట్‌ను మధ్యకు వంచాను. టపుక్కుమని మడత పడింది. మడత దగ్గర నల్ల పూత రాలి, లోపలి రేకు బయటపడింది.

ఆళ్లగడ్డలో దిగి, దాన్ని గ్యారేజీ వెనక పాత టైర్ల మధ్య దాచాను. షాపు మూసేశారని చెప్పాను. అంతటితో ఆగలేదు. పక్క షాపు మీసాలాయన పాతదే తుడిచి వేసుకోవచ్చన్నాడని కూడా చెప్పాను.

"నే జెప్పలే?" అని నాయన తొడ చరిచి, టీ తాగడానికి పోయాడు.

మామ నావైపు చూశాడు. "మీసాలాయన జెప్పినాడా? సరే, జూద్దాం రా" అన్నాడు.

గ్యారేజీ పక్కనే రాతిశిల్పులు పనిచేసే షెడ్డు ఉండేది. అద్దంలా నున్నగా తీర్చిన నల్లరాతి పలక ఒకటి వాళ్లు మామకిచ్చారు. హెడ్డు వంకరపోయిందో లేదో దాని మీదే పెట్టి చూసుకునేవాడు. ఇప్పుడు దాని మీద పాత గ్యాస్కెట్ పరిచి, ఒక బొక్క చుట్టూ కూర్చునేటట్టు అడుగులేని ఇనప గొట్టం నిలబెట్టి, దాన్ని తన బరువంతా వేసి అదిమి పట్టుకున్నాడు. నన్ను గొట్టంలో నీళ్లు పోయమన్నాడు. పోశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత గ్యాస్కెట్ కిందనుంచి చీమల బారులా ఒక తడిగీత బయటికొచ్చి, పలక అంచుదాకా నడిచింది.

"ఒగసారి నలిగింది మళ్లా పొంగదురా" అన్నాడు మామ. తర్వాత పక్కనున్న చిన్న రాగి వాషరు తీసి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి నా చేతిలో పెట్టాడు. మెత్తగా ఉంది. "ఇది జూడు. కాలిస్తే మళ్లా మెత్తబడతాది. దీన్ని ఎన్నిసార్లన్నా ఏస్తా. పాతదని యాదీ పారెయ్యను. దేన్ని నమ్మొచ్చో, దేన్ని నమ్మగూడదో జూసుకుంటా, అంతే."

ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "రేపు ఈ కార్లో పండుకోని పొయ్యేది మీ చిన్నమ్మ. నడిమద్దెన యాడన్నా నిలబడిపోతే, ఆడ నీళ్లు గూడ దొరకవు. ఇప్పుడు జెప్పు. పాతదే ఏద్దునా?"

నేను భోరుమని ఏడ్చి, టైర్ల మధ్యనుంచి కొత్తది తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. ఆయన నా తల నిమిరి, మోటారుసైకిలు మీద నంద్యాల పోయి, ఇంకొకటి తెచ్చి, సాయంత్రానికి ఇంజను బిగించాడు. సోమవారం కారు ఎక్కడా ఆగలేదు. చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఇప్పుడు సంజామలలో టీచరు. నా కథలు ఒక్కటీ నమ్మదు.

ఒట్టేశాను కాబట్టి చెప్పేస్తున్నాను. మేకపోతులు మూడు. విమానం సంగతి నిజమే, కండక్టరు నమ్మాడు కూడా. నల్లరాతి మీద నీళ్లు కారిందీ నిజమే. నేను ఏడ్చి ఒప్పుకున్నానన్నది మాత్రం కల్పించాను. ఆరోజు ఆయన అడిగితే, కళ్లలోకి చూస్తూ "ఏసెయ్ మామా" అన్నాను.

ఆయన పలక మీది నీళ్లు గుడ్డతో తుడిచాడు. లేచి తిన్నగా టైర్ల దగ్గరికి పోయాడు. నేను దాస్తుంటే చూశాడు కాబోలు. మడతపడిన గ్యాస్కెట్‌ను గోనెసంచిలో వేసుకుని, నన్ను బండి ఎక్కించుకుని నంద్యాల తీసుకుపోయాడు. షాపు మూసి ఉంటే షాపాయన ఇంటికి పోయి తలుపు తట్టాడు. "పొద్దన్నే పిల్లోనికి ఇస్తినే?" అన్నాడాయన. మామ సంచిలోంచి తీసి చూపించి, "నా చేతిలోనే వంగిపాయప్పా" అన్నాడు. షాపాయన నవ్వాడు. "ఇన్నేండ్ల మేస్త్రీవి, గ్యాస్కెట్ పట్టుకునేది రాలేదా?" అన్నాడు. మామ కూడా నవ్వాడు. నేను నేల చూశాను.

తిరిగొచ్చేటప్పుడు కొత్తదాన్ని నా ఒళ్లో పరిచి, "రెండు చేతులా పట్టుకో" అన్నాడు. దారంతా ఆయన అన్నది ఆ ఒక్క మాటే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా, ఆ గుంతల్లో, చేతులు తిమ్మిరెక్కినా అది వంగనీయలేదు.

మామ ఇప్పుడు లేడు. ఆయనకు నేను ఒప్పుకోనే లేదు. ఖాళీగా కూర్చున్నవాళ్లకు ఈరోజుకీ విమానాలు దింపుతూనే ఉంటాను. ప్రయాణానికి బయలుదేరినవాళ్లు ఎవరైనా వచ్చి ఏదన్నా అడిగితే మాత్రం, నా రెండు చేతులూ వాటంతటవే ఒళ్లో పక్కపక్కన పరుచుకుంటాయి. అప్పుడు ఉన్నదే చెబుతాను.