ఇనప గాదెకు దిష్టి గుమ్మడికాయ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి నాలుగు నెలలు కాలేదు, ఇక తెలియకపోవడానికి తీరికేదీ? టెక్కలి దగ్గర ఓ బియ్యం మిల్లులో కొత్తగా ఇనప గాదె కట్టించి, దాన్ని చూసుకునే ఉద్యోగం నాకిచ్చారు. యజమాని మా అమ్మకి దూరపు తమ్ముడు వరస, నాకు మిల్లు మావయ్య. "మా మేనకోడలు ఇంజినీరు" అని సంతబొమ్మాళి రైతులందరికీ చెప్పుకున్నాడు పాపం. మూడు నెలలు పని చూసి ఉంచాలో పంపాలో తేలుస్తానన్న సంగతి మాత్రం నాకొక్కదానికే చెప్పాడు.

ఆ గాదె మేడంత ఎత్తున్న గుండ్రటి రేకు డబ్బా. ధాన్యం అడుగున నడిమధ్య ఉన్న తూములోంచి దిగాలి. పక్కగోడకున్న చిన్న తలుపు, అంతా ఖాళీ అయ్యాక ఊడ్చుకోవడానికి. ఒక వానరోజు లారీ తూము కిందికెళ్ళే దారంతా బురదైపోయింది. మావయ్య పలాస వెళ్ళాడు. లారీ డ్రైవరు ఒకటే హారను. గాదె నిండా ధాన్యం ఉండగానే "పక్క తలుపు తీసేయండి" అన్నాను.

ముసలి మేస్త్రి కదల్లేదు. "వొద్దమ్మా. మా ఇంటికాడ గాదికైనా నడిమి నుండే తోడతాం. ఓపక్కే తోడేత్తే గోడ ఆగదు."

"ఒత్తిడి అన్ని వైపులా ఒకేలా ఉంటుంది తాతా" అన్నాను. (అది నీళ్ళ ట్యాంకు లెక్క. నాకు బాగా వచ్చిన లెక్క అదొక్కటే.)

"నీల్లేటి తల్లీ? ఇది ధాన్నెం!"

తలుపు తీయించాను. లారీ సగం నిండిందో లేదో, ఢామ్మంది. తలుపు పైన గోడ లోపలికి పోయి ఇంత సొట్ట! ఆ పక్క ధాన్యం గోడ వెంటే జారిపోయి అక్కడ ఒత్తిడి తగ్గింది, తక్కిన వైపుల ధాన్యం మాత్రం ఎప్పట్లాగే గోడను నెడుతోంది. గుండ్రటి డబ్బా పాపం గుండ్రంగా ఎలా ఉంటుంది? (ఈ వివరణ తరవాత చదువుకున్నది. అప్పుడు మాత్రం ఉద్యోగం పోయిందని ఏడుపొచ్చింది.) మేస్త్రి నన్నడక్కుండానే తలుపు మూసేసి, ఊక బస్తాలు బురదలో పరిపించి, లారీని తూము కిందికి తెప్పించాడు. ధాన్యం నడిమి నుంచి దిగింది. గాదె నిలబడింది.

సాయంత్రం మావయ్య గాదె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నిజం చెప్పేయాలని నోరు తెరిచాను కూడా.

"నిన్న జలంత్రకోటోళ్ళొచ్చి 'అబ్బో, ఎంత డబ్బా!' అన్నారు. ఆళ్ళ కళ్ళే తగిలేసాయి!" అన్నాడు మావయ్య.

మేస్త్రి నన్ను చూశాడు, తరవాత నేలకేసి చూశాడు. నేను నోరు మూసుకున్నాను. మర్నాటికి సొట్ట మీద గుమ్మడికాయ వేలాడుతోంది, నా ఉద్యోగం నాకుంది. "రేపట్నుండి నడిమి తూమే కదమ్మా?" అన్నాడు మేస్త్రి మెల్లగా.

"నడిమి తూమే తాతా."

ఇప్పుడు నేను ఊరూరా ఇలాంటి గాదెలు చూసి, ఎటునుంచి తీయాలో కుర్ర ఇంజినీర్లకి గట్టిగా చెప్పే ఉద్యోగంలో ఉన్నాను. ఏటా ఓసారి మిల్లుకి వెళతాను. మావయ్య నిచ్చెనెక్కి పాత కాయ తీసి కొత్తది కడుతూ, "ఇది కట్టినకాడ్నుండి మరో సొట్ట పడ్నేదు, సూసావా?" అంటాడు. నిజమే, పడలేదు. ఈసారైనా చెప్పేద్దామనే వెళతాను. నిచ్చెన పట్టుకుని నిలబడి, వచ్చేస్తాను.