ముల్లుకర్ర మాటలు

నల్ల గోడల మీద ఎర్ర అక్షరాలు నేనే రాయించాను. నంద్యాలలో ఒక విత్తనాల అంగడి పైన, మొదటి అంతస్తులో నా జిమ్ ఉండేది. ఒక వైపంతా అద్దాలు, మిగతా మూడు వైపులా గోడలు. మూడు గోడలకూ మూడు మాటలు. 'ఆకలి నీ పగోడు, రోజూ చంపు.' 'ఏడుస్తూనైనా పరుగెత్తు, ఆగావా ఓడిపోయావు.' మూడోది అన్నిటికంటే పొట్టిది కాబట్టి అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో పట్టింది: 'సిగ్గుంటే తగ్గు.'

నిచ్చెన మీదున్న పెయింటరు తల తిప్పి, "అన్నా, ఇది లావుగుండేటోళ్ళకా, నీకు పడనోళ్ళకా?" అని అడిగాడు.

నేను నవ్వేశాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలిసేసరికి నా తమ్ముడి కాలి వేలు ఒకటి పోయింది.

మాది రుద్రవరం దగ్గర పల్లె. మా నాయన బతికున్నన్నాళ్ళు సేద్యానికి ఒక జత, పందేలకు ఒక జత ఎద్దులుండేవి. బండలాగుడు పోటీ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఎద్దుల జతకు పెద్ద రాతిబండ కడతారు. గీతలు గీసిన బాటలో ఇరవై నిమిషాల పాటు అటూ ఇటూ లాగిస్తారు. ఎక్కువ దూరం లాగిన జత గెలిచినట్టు. మా జతను తోలేది నేనే. నా గొంతుకు చుట్టుపక్కల పేరుండేది. నేను హోయ్ అని ఒక్క అరుపు అరిస్తే ఎద్దు వీపు మీద చర్మం వణికేది. ఎందుకు వణికేదో నాకు తెలుసు. ఆ అరుపు వెనకాలే ముల్లుకర్ర దిగుతుందని దానికి అలవాటు చేసింది నేనే. ముల్లుకర్ర అంటే కొనకు మొల దిగగొట్టిన కర్ర. పోటీ పెట్టేవాళ్ళు అది వద్దన్న ఊళ్ళలో, మొలను వేళ్ళ సందున దాచుకుని, తొడ మీద చెయ్యి వేసినట్టే వేసి గుచ్చేవాణ్ణి. రక్తం సన్నగా కారి గిట్టల దాకా వచ్చేది. చివరి రెండు నిమిషాల్లో నోట్లో నురగ, మోకాళ్ళు నేలకు ఆనుతున్నా ఎద్దు ఇంకో పది అడుగులు లాగేది. ఆ పది అడుగులతోనే మేం గెలిచేవాళ్ళం. అక్కడ నేను ఒకటి నేర్చుకున్నాను. ఇక చేతకాదని ఒళ్ళు చెప్పేది అబద్ధం, లోపల ఇంకా ఉంటుంది, గుచ్చితే బయటికొస్తుంది. చాలా ఏళ్ళు దాన్ని జ్ఞానమనుకున్నాను.

నేను గుచ్చిన చోట్ల పసుపూ వేపనూనే రాసేది నా తమ్ముడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. జనం నన్ను భుజాల మీద ఎత్తుకుని ఈలలు వేస్తుంటే, వాడు ఎద్దు కాళ్ళ దగ్గర గొంతుకూర్చుని ఉండేవాడు.

"మొల లేకుండా తోలలేవా అన్నా?"

"నువ్వు తోలు, తెలుస్తాది."

వాడు ఎన్నడూ తోలలేదు.

నాయన పోయాక, ఎద్దులు పోయాక, నేను నంద్యాల చేరి జిమ్ పెట్టాను. తమ్ముడు పల్లెలోనే సేద్యం చూసుకుంటూ ఉండిపోయాడు. ట్రాక్టరు వచ్చింది, నడక తగ్గింది, వాడి ఒళ్ళు పెరిగింది. నూట ఇరవై రెండు కిలోలైన ఏడాది, చెప్పు కరిచిన చోట కాలి వేలి మీద పుండు పడింది. నెల దాటినా మానలేదు. నంద్యాలలో డాక్టరుకు చూపించాను. షుగరు బాగా ఉందన్నాడాయన. బరువు తగ్గాలి, వేళకు తిని మాత్ర వేసుకోవాలి, పుండు మీద ఒత్తిడి పడకూడదు, లేకపోతే వేలు తీసేయాల్సి వస్తుందన్నాడు. మూడు మాటలు చెప్పాడు. నా చెవికి మొదటిదొక్కటే ఎక్కింది.

"మూడు నెలలు నా దగ్గర పెట్టుకుంటా. మనిషిని చేసి పంపిస్తా," అన్నాను మా మరదలితో.

"ఇప్పుడు మనిషి కాడా బావా?" అందామె. అది కూడా నా చెవికి ఎక్కలేదు.

అబద్ధం చెప్పకూడదు, మొదట్లో ఆ గోడ రాతలు పని చేశాయి. వాడు వచ్చిన రోజు మూడింటినీ గట్టిగా చదివి, "అన్నా, ఇంత కోపంగా ఉండాదేంది నీ గోడ? దానికీ ఆకలైతాందేమో," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే చేశాడు. అన్నం తగ్గించాడు, సైకిలు తొక్కాడు. ఆరు వారాల్లో తొమ్మిది కిలోలు దిగాడు. ఏ వారమైనా మనసు జారితే గోడకు దండం పెట్టి, "తల్లీ, ఈ పూటకు కాపాడు," అనేవాడు. పక్కవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. ఆ ఆరు వారాలూ ఆ మాటలను వాడు తనకు తానే చెప్పుకుంటున్నాడు. నేను ఇంకా వాటిని చేతిలోకి తీసుకోలేదు.

ఏడో వారం బరువు కదల్లేదు. ఎనిమిదో వారం అర కిలో పెరిగింది. నాకు చివరి రెండు నిమిషాలు గుర్తొచ్చాయి.

ఇంట్లో బియ్యం డబ్బా మీద 'సిగ్గుంటే తగ్గు' అని కాగితం అంటించాను. తెల్లారి ఐదుకు వాడి ఫోనుకు రోజుకో మాట పంపేవాణ్ణి. 'నిన్న తిన్నది నీ మెడకు ఉరి.' 'నీ పొట్ట నీ పిరికితనం.' అవి యాడివో కాదు, నేనే కూర్చుని తయారు చేసినవి. చివరికి వాడి ఫోటో ఒకటి, చొక్కా లేకుండా బరువు చూసే మెషీను మీద నిలబడినప్పుడు తీసింది, పెద్దది చేయించి మూడో గోడకు, ఆ మాట కిందే తగిలించాను. అందరి ముందూ ఉంటే పౌరుషం పుడుతుందనుకున్నాను. వాడు దాన్ని చూశాడు. గోడకు దండం పెట్టడం ఆ రోజు నుంచి మానేశాడు. నా ఎదురుగా తినడం కూడా మానేశాడు.

జిమ్‌కు ఒక టీచరమ్మ వచ్చేది. ఏడాదిలో మెల్లగా పద్నాలుగు కిలోలు తగ్గింది. నా గోడల వల్లే తగ్గిందని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఆమె ముందే అలా అంటే, తన టిఫిన్ డబ్బా మూత తిప్పి చూపించింది. లోపలి వైపు పెన్నుతో రాసుకుంది: 'ఈ పూట నిదానంగా తిందాం.'

"నేను చదువుకునేది ఇదొకటే అన్నా. మీ గోడల పక్క నేను చూడను. చూస్తే ఇంటికి పోయి రెండు లడ్లు తినాలనిపిస్తాది," అంది.

నాకు కోపమొచ్చింది. ఆడవాళ్ళ మాట అనుకుని వదిలేశాను.

జిమ్ ముందర పెట్టడానికి కండలు తిరిగిన హనుమంతుడి రాతి విగ్రహం కావాలని ఆళ్ళగడ్డలో శిల్పులకు చెప్పి ఉన్నాను. అది చూడడానికి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోయాను. విగ్రహం పొట్ట ఇంకా లోపలికి పోవాలన్నాను. శిల్పి ఉలి కింద పెట్టి నా వైపు చూసి, "దేవునికి కూడా డైటింగేనా అప్పా?" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేను తిరిగి చూస్తే తమ్ముడు లేడు.

రోడ్డుకు అవతల ఉగ్గాని అంగడిలో దొరికాడు. బెంచీ మీద, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. ముందర తాలింపు బొరుగుల ఉగ్గాని ప్లేటు, పక్కన మిరపకాయ బజ్జీలు. తొందర తొందరగా తింటున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"ఏం తింటాండావ్ రా?"

వాడు తిరిగాడు. నోటి నిండా ముద్ద ఉంది. మింగలేడు, ఉమ్మలేడు. నా పిడికిలి వాడి దవడ మీద పడింది. ముద్దతో పాటు రక్తం ప్లేటులోకి వచ్చింది. రెండో దెబ్బకు బెంచీ తిరగబడి వాడు కింద పడ్డాడు. ప్లేటును కాలితో తన్నాను. పసుపు పచ్చటి బొరుగులు వాడి చొక్కా మీదా తల మీదా పడ్డాయి. "సిగ్గుంటే తగ్గు! సిగ్గుంటే తగ్గు!" అని నేను అరుస్తూనే ఉన్నాను. నా వేళ్ళ సందున మొల లేదు. ఉంటే అది కూడా దిగేది.

అంగడి నడిపే ముసలమ్మ మసిలే నూనెలోంచి జల్లిగంటె తీసి నా ముఖానికి ఎదురుగా పట్టింది.

"ఏం పొయ్యేకాలం వచ్చెరా నీకు? నోట్లో ముద్ద ఉండే మనిషిని కొడతావా? ఈ పక్క కత్తులు పట్టుకుని తిరిగినోళ్ళు గూడా తినేటప్పుడు చెయ్యెత్తలేదు గదరా!"

మా ప్రాంతంలో ఆ మాటకు బరువుంది. మా నాయన కూడా అదే చెప్పేవాడు: పగవాడైనా సరే, ముద్ద మింగేదాకా ఆగాలి. నేను ఆగలేదు. పైగా బస్సులో వస్తూ వాడికి ఇంకో మాట చెప్పాను: "అంత ఆకలైతే చచ్చిపో." వాడు తువ్వాలుతో పెదవి అదుముకుని కిటికీ వైపు తిరిగాడు.

ఆ తర్వాత రెండు రోజులు వాడు మెతుకు ముట్టలేదు. మాత్రలు మాత్రం వేళకు వేసుకున్నాడు, డాక్టరు చెప్పాడు కాబట్టి. నా భార్య నాతో చెప్పింది, "మరిది నీళ్ళతోనే ఉండాడు" అని. "పౌరుషం వచ్చింది, పోనీ," అన్నాను. తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుంటే ఏమవుతుందో అడగడానికి డాక్టరు నాకు ఒక ఫోను దూరంలో ఉన్నాడు. అడగలేదు.

మూడో రోజు పొద్దున వాడు జిమ్‌కు వచ్చి తనంతట తానే ట్రెడ్‌మిల్ ఎక్కాడు. కాలికి బూటు. పుండు ఎట్లుందని నేను అడగలేదు. అంతకు ముందు ఒకసారి నొప్పిగా ఉందంటే, అది సాకు అని నోరు మూయించి ఉన్నాను. పావుగంటకు వాడి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. నేను మెషీను వేగం పెంచాను. నా గొంతులోంచి పాత అరుపు వచ్చింది.

"హోయ్!"

వాడి వీపు వణికింది. ఆ వణుకు నాకు తెలిసిన వణుకే. అయినా ఇంకోసారి అరిచాను.

వాడు ముందుకు పడ్డాడు. ముఖం మెషీను మీద తిరిగే పట్టీకి కొట్టుకుంది. పట్టీ ఆగలేదు; చెంపను గీరుకుంటూ వాడిని వెనక్కి లాగి నేల మీదికి విసిరేసింది. ముందు పన్ను ఒకటి విరిగి అద్దం కింద దాకా దొర్లింది. వాడి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. నటిస్తున్నాడనుకున్నాను. "లెయ్ రా, సిగ్గుంటే లెయ్," అని డొక్కలో తన్నాను. అవును, తన్నాను. ఇది రాయకుండా వదిలేద్దామని చాలాసార్లు అనుకున్నాను.

నన్ను పక్కకు నెట్టింది టీచరమ్మ. "ఆటో పిలువు! మనిషి పోతాండాడు!" అని ఆమె అరిస్తే గానీ నేను కదల్లేదు.

షుగరు మరీ పడిపోయిందని ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించాక వాడికి తెలివొచ్చింది. నర్సు బూటు విప్పింది. మేజోడు పుండుకు అతుక్కుపోయి ఉంది. నీళ్ళు పోసి లాగితే దాంతో పాటు చర్మం వచ్చింది. ఆ వాసనకు నేను బయటికి పోయాను. చీము ఎముక దాకా దిగిందన్నారు. వారం తిరక్కుండా వేలు తీసేశారు.

వార్డులో నేను మంచం పక్కన కూర్చున్న మూడో రోజు వాడు నోరు తెరిచాడు. పన్ను లేని సందులోంచి మాట ఈలగా వచ్చింది.

"అన్నా, ఎద్దుకు ఇరవై నిమిషాలే. అయినంక కాడి ఇప్పుతావు. నీళ్ళు పెడతావు. నాకెప్పుడు ఇప్పుతావు?"



జిమ్‌కు తిరిగి వచ్చి ముందు ఫోటో చించేశాను. సున్నం వేయిస్తే ఎరుపు అగపడుతూనే ఉంది. దాంతో సుత్తీ ఉలీ తెచ్చి పూత ఊడేదాకా కొట్టాను. అరచేతులు చిట్లాయి, అది శిక్ష కాదు, నేను వాడికి చేసిన దాంట్లో వెయ్యో వంతు కాదు. ఇప్పుడు ఎవరైనా చేరడానికి వచ్చి, "నాలుగు గట్టి మాటలు చెప్పన్నా, పౌరుషం రావాల," అంటే నాకు చెప్పడం చేతకాదంటాను. మాటలన్నీ చెడ్డవని కాదు. టీచరమ్మ మూత మీది మాట ఆమె చేతిలో పుట్టింది, కావాలనుకుంటే మూత తిప్పేసుకోగలదు. గోడ మీదిది తిప్పలేరు. దాని పక్కన నాలాంటివాడు నిలబడితే అది ముల్లుకర్రే. ముల్లుకర్ర పది అడుగులు లాగిస్తుంది. ఆ తర్వాత ఆ ఎద్దు ఏమైందో గెలిచినవాడు చూడడు. నేను చూడలేదు. నా తమ్ముడు చూసేవాడు.

తమ్ముడు పల్లెకు వెళ్ళిపోయాడు. ఆదివారాలు నేను పోతాను. మొదటిసారి వెళ్ళినప్పుడు మరదలు గడప దగ్గరే నిలబడి, "ఈ పొద్దు యాడ కొట్టాలనుకుంటాండావో ముందే చెప్పు బావా, నీళ్ళు కాచి పెడతా," అంది. తల దించుకుని లోపలికి పోయాను. నాలుగు ఆదివారాలు వాడు నేనున్నంతసేపూ ఏమీ తినలేదు. మధ్యాహ్నం దాటి, షుగరు మాత్ర వేళ దాటుతున్నా, నేను లేచేదాకా కూర్చునేవాడు. అది అర్థమయ్యాక మధ్యాహ్నానికి ముందే లేచి వచ్చేసేవాణ్ణి.

ఐదో ఆదివారం నేను లేవబోతుంటే, "కూర్చో," అన్నాడు. మరదలు జొన్న రొట్టె, గోంగూర పప్పు తెచ్చి వాడి ముందు పెట్టింది. నాకు పెట్టలేదు. నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వాడు వాటిని చూశాడు.

"పొద్దున బరువు చూసుకున్నా," అన్నాడు.

నేను చేతులను తొడల కింద ఇంకాస్త లోపలికి దోపుకున్నాను.

"ఎంతో అడగవా?"

"అడగను."

"అడిగినా చెప్పను." రొట్టె తుంచాడు.

నాలుగు వేళ్ళ పాదం ముందుకు చాపుకుని, పన్ను లేని ముందు సందు వదిలి దవడ పళ్ళతో నమలడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఆ ముద్ద మింగేదాకా నేను కదల్లేదు.