సముద్రానికి గద్వాల చీర

మా గద్వాల వాళ్ళకు విహారయాత్ర అంటే ఒక్కటే తెలుసు. వానాకాలంలో జూరాల డ్యాం గేట్లు ఎత్తారని కబురొస్తే చాలు, ఉన్నవాళ్ళం ఉన్నట్టే ఆటో ఎక్కిపోయి, తెల్లగా దూకే నీళ్ళను చూసి "అబ్బో" అని, అక్కడే బండ్ల మీద వేయించే చేపలు తిని, పొద్దు గూకేలోపు ఇల్లు చేరతాం. అంతకుమించి నీళ్ళతో మనిషికి పనేముంటుందో మాకు తెలియదు. అందుకే మా ఆయన విశాఖపట్నం పోదామన్నప్పుడు నేను అడిగిన మొదటి మాట, "గేట్లు ఎత్తిండ్రా?" అని. ఆయన నన్ను జాలిగా చూశాడు.

ఆయన అప్పటికే ఫోన్లో మునిగి తేలుతున్నాడు. ఎవరో కుర్రాడు నడుస్తూ, అరుస్తూ ఊరు చూపించే వీడియోలు చూసి చూసి, ఏ పూట ఏ బీచ్, ఏ కొండ మీద ఏ రైలు, ఏ సందులో ఏ టిఫిన్ అన్నీ బట్టీ పట్టేశాడు. ఎన్నడూ చూడని ఊళ్ళో నాకు దారులు చెప్పేవాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మాత్రం ఆయనకు ఇప్పటికీ తెలియదు.

అసలు ఆశ్చర్యం అత్తమ్మ. సొంత తమ్ముడు కర్నూలు రమ్మంటేనే "మగ్గం ఎవరు చూస్తరు?" అని తప్పించుకునే మనిషి, విశాఖ అనగానే "నేనొస్త" అంది. కొడుకు మురిసిపోయాడు. తన వీడియోల వర్ణనకు అమ్మ మనసు కరిగిందనుకున్నాడు. ఎందుకొస్తుందో నాకు తెలుసు. తెలిసీ చెప్పలేక అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

సంగతేమిటంటే, అంతకు రెండేళ్ళ కిందట మా ఆయన ఊపిరితిత్తులు పాడై కర్నూలు దవాఖానలో పడ్డాడు. ముక్కుకూ మూతికీ గొట్టాలు. డాక్టర్లు మా కళ్ళలోకి చూడకుండా మాట్లాడేవాళ్ళు. అప్పుడు అత్తమ్మ వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని మొక్కింది, కొడుకు లేచి నడిస్తే తన చేత్తో నేసిన చీర సముద్రానికి కడతానని. పక్కనున్న నాకు ఆ ఏడుపులోనూ ఒళ్ళు మండింది. "కృష్ణమ్మ ఉండగా సముద్రమెందుకత్తమ్మా?" అన్నాను.

"కృష్ణమ్మకు ఊరూరు మొక్కుతది. ఆ తల్లి ఎవలెవలిదని యాదికి పెట్టుకుంటది? సముద్రానికి మన దిక్కు నుంచి మొక్కెటోళ్ళు ఎవలున్నరు? మనమొక్కలమే అయితే మంచిగ యాదికుంటది."

ఆ లెక్క ఫలించింది. మా ఆయన లేచాడు, నడిచాడు, తిరిగి నా మీద అరవడం కూడా మొదలుపెట్టాడు. ఇక మొక్కు మిగిలింది. దానికో నియమం కూడా ఉంది. ఎవరి కోసం మొక్కామో, తీరేదాకా వాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే మొక్కు చెడుతుంది, చెడితే ఇచ్చిన దేవతే తీసుకుపోతుంది. అత్తమ్మకు ఇందులో రవ్వంత అనుమానం లేదు. కొడుకు దగ్గినప్పుడల్లా ఆమె ముఖం చూడాలి.

చీర నేయడానికి చాలా కాలమే పట్టింది. ఆకుపచ్చ నూలు చీర, కుంకుమరంగు పట్టు అంచు, అదే రంగు పట్టు కొంగు. అంత నిండైన చీర ఆమె నా పెళ్ళికి కూడా నేయలేదు, అది వేరే సంగతి. బయల్దేరే ముందు రోజు దాన్ని నా ఒళ్ళో పడేసి "ఫాల్ కుట్టు" అంది.

"సముద్రానికి ఫాల్ ఎందుకత్తమ్మా?"

"మరి కుచ్చిళ్ళు నిల్వద్దా?"

ఊళ్ళో చీరలకు ఫాల్ కుట్టే పని నాది. గిరాకీలను ఎదురు ప్రశ్నలు అడిగే అలవాటు లేదు. కుట్టాను.

విశాఖలో దిగిన మర్నాడు పొద్దున్నే బీచ్‌కు వెళ్ళాం. మా ఆయన రోజంతటికీ ఆటో మాట్లాడాడు. ఆ డ్రైవరు నడివయసు మనిషి, ఊరంటే పిచ్చి ప్రేమ. సముద్రం తమ తాతల ఆస్తి అయినట్టూ, మాకు దయతో చూపిస్తున్నట్టూ "అదుగోనండి!" అని చెయ్యి చాపాడు. అత్తమ్మ కాసేపు చూసింది. నేనూ చూశాను. గుండె జల్లుమంది, నిజమే చెబుతున్నాను. అన్ని గేట్లూ ఒకేసారి ఎత్తినా ఇంత నీరు రాదు.

అత్తమ్మ మాత్రం డ్రైవరును అడిగింది, "అయ్యా, గీ సముద్రం ఎటు పారుతది?"

డ్రైవరుకు ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. "పారడమేటమ్మా? వచ్చేస్తాది, ఎల్లిపోతాది, మళ్ళీ వచ్చేస్తాది" అన్నాడు.

"వచ్చి, పోయి, మళ్ళొచ్చుడేంది? నీళ్ళన్నంక ఒక దిక్కు ఉండాలె కద."

మా దగ్గర కృష్ణకు చీర ఇవ్వడం తెలియని ఇల్లుండదు. బీచుపల్లి దగ్గర మోకాలి లోతు దిగి, పసుపు కుంకుమలు చల్లి, చీరను నీళ్ళ మీద పరిచి, దండం పెట్టి వచ్చేస్తాం. నది పారుతుంటుంది కాబట్టి చీర దానితోపాటే పోతుంది. అత్తమ్మ ఇక్కడా అదే చేసింది. గద్వాల నుంచి రైళ్ళు మారి మోసుకొచ్చిన చేటలోంచి గాజులు, పసుపు, కుంకుమ ముందు సమర్పించి, తర్వాత చీర పరిచి, దండం పెట్టి, గంభీరంగా ఒడ్డుకు నడిచొచ్చింది. వెనకాలే ఒక అల చీరను ఎత్తుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి పోయింది.

రెండోసారీ అంతే. మూడోసారి చీర ఆమె కంటే ముందే ఒడ్డుకు చేరి ఎదురుచూస్తోంది. సరిగ్గా అప్పుడే పక్కన కొందరు పెద్దమనుషులు గుండ్రంగా నిలబడి, చేతులు పైకెత్తి, హాహాహా అని విరగబడి నవ్వడం మొదలుపెట్టారు. ఆరోగ్యం కోసం రోజూ అలా నవ్వుతారట. అత్తమ్మకు ఎవరు చెప్పాలి?

"ఏందిరా, గంతగనం నగుతున్నరు? నా చీరకేమైంది?"

"నిన్ను చూసి కాదమ్మా, ఒంటికి మంచిదని నగుతరు" అన్నాడు మా ఆయన. ఆమె నమ్మలేదు. బూట్లేసుకుని పరిగెత్తే ఒక పెద్దావిడ ఆగి, సముద్రంలో చెత్త వేయకూడదని ఇంగ్లీషు కలిపి చెప్పింది. "చెత్త కాదు, పట్టంచు" అని అత్తమ్మ తడి కొంగు ఆమె ముఖం ముందు పరిచి చూపించింది. ఆవిడ అంచు వేళ్ళతో నలిపి చూసి, ఎక్కడ కొన్నారని అడిగి వెళ్ళిపోయింది.

మా ఆయన నవ్వి నవ్వి అలిసిపోయాడు. "సముద్రానికి ఆకుపచ్చ నచ్చలేదమ్మా. నీలం చీర నేయకపోతివా?" అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అమ్మకు ఏదో మొక్కుంది అనుకున్నాడే తప్ప, ఆ చీర తన ప్రాణానికి బదులని ఆయనకు తెలియదు. తిరిగొచ్చిన ప్రతిసారీ అత్తమ్మ పెదవులు కొంచెం తెల్లబడటం నేను చూస్తున్నాను. ఆయన నోరు ఎలా మూయించాలో తెలియక, "టిఫిన్ తిందాం పా" అన్నాను.

అక్కణ్ణుంచి మా ఆయన యాత్ర ఒకటి, అత్తమ్మ యాత్ర ఒకటి. ఒకే ఆటోలో రెండూ నడిచాయి. మా ఆయన మమ్మల్ని ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామిలోకి తీసుకెళ్ళాడు. లోపల ఇరుకు గొట్టాల మధ్య ఒకాయన అది ఎంత లోతుకు పోయేదో, నావికులు ఎలా పడుకునేవారో గుక్కతిప్పుకోకుండా చెబుతున్నాడు. అత్తమ్మ శ్రద్ధగా అంతా విని, "అయ్యా, గింత లోపటికి పోయొచ్చిండ్రు కద, అడుగున చీరలు గిట ఏమన్న కనపడ్డయా?" అని అడిగింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పడం అందుకున్నాడు.

కైలాసగిరి మీద పిల్లలంతా బుల్లి రైలు చుట్టూ మూగితే, ఈమె కొండ అంచున నిలబడి చేయి నొసటికి అడ్డం పెట్టుకుని సముద్రాన్ని పరిశీలించింది. "ఎత్తు మీదికెళ్ళి చూస్తే పారుడు తెలుస్తదనుకున్న. ఇదేం నీళ్ళో, దీనికి పోయే తావే లేదు" అని నాతో అంది. మా ఆయన శివపార్వతుల విగ్రహం ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. అందులో శివుడు నవ్వుతున్నాడు, పార్వతి నవ్వుతోంది, అత్తమ్మ మాత్రం చంకలో తడి చీరతో తప్పిపోయిన మనిషిలా ఉంది.

ఋషికొండ దగ్గర చీర నీళ్ళలో పరిచిందో లేదో, కాపలా మనిషి విజిల్ వేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, ఎవరో ఆడమనిషి మునిగిపోతోందనుకుని. దగ్గరికొచ్చి చూస్తే చీర ఒక్కటే ఉంది. అతను ఇంకా భయపడ్డాడు. అతనికి నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

డ్రైవరు అప్పటికి ఈ వ్యవహారాన్ని తన పరువు సంగతి చేసుకున్నాడు. దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి తెచ్చిన సారెను తమ సముద్రం తీసుకోవడం లేదన్నది అతనికి తలవంపుగా ఉంది. "మా సముద్రం అలాంటిది కాదండి. ఈయాల ఏటయిందో" అని మాటిమాటికీ క్షమాపణ చెబుతూ, ఆటో నడుపుతూనే తెలిసినవాళ్ళకు ఫోన్లు చేశాడు. ఎక్కడ ఏం వదిలితే తిరిగి రాదో కనుక్కోవడం అతని ఉద్దేశం. చివరికి ముఖం వెలిగింది. "భీమిలి ఎల్దామమ్మా. మా బావమరిది చెప్పులు అక్కడే పోయినాయి. కొత్త చెప్పులు. ఇప్పటిదాకా రాలేదు" అన్నాడు.

అత్తమ్మకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. "పోనియ్యి" అంది. మా ఆయన ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆపమని మొత్తుకున్నాడు. "ఎర్రమట్టి మన చేన్లల్ల లేదా?" అని కొట్టిపారేసింది.

భీమిలిలో గోస్తని నది వచ్చి సముద్రంలో కలుస్తుంది. దాన్ని చూడగానే అత్తమ్మ ముఖం విచ్చుకుంది. పారే నీళ్ళు! ఒక దిక్కున్న నీళ్ళు! దాదాపు పరుగున దిగి చీర నదిలో వదిలింది. చీర కదిలింది. మా వైపు చూడకుండా, మర్యాదగా, సముద్రం వైపు సాగిపోయింది. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. సరిగ్గా నదీ సముద్రమూ కలిసే చోట చీర ఆగి, గుండ్రంగా తిరిగి, ఫాల్ బరువుకు ఒక పక్కకు ఒరిగి, పోటు నీళ్ళతో నింపాదిగా వెనక్కి రావడం మొదలుపెట్టింది.

అత్తమ్మ ఒడ్డు మీద కూలబడింది. "వద్దంటున్నది. నా మొక్కు వద్దంటున్నది" అని చిన్నగా అంది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

మా ఆయనకు మాత్రం కోపమొచ్చింది. పొద్దుటి నుంచి తన యాత్ర అంతా ఒక చీర పాలైంది. "దీని సంగతి నేను జూస్త" అని చీర లాగి భుజాన వేసుకుని, సముద్రంలోకి నడిచాడు. "అలల అవతలికి తీస్కపోయి వదులుత, ఇగ ఎట్లొస్తదో చూస్త!" అని అరిచాడు. ఈత నేర్చింది జూరాల కాలువలో. నడుము లోతు దాకా చీరతో దర్జాగానే ఉన్నాడు. ఆ తర్వాత ఒక అల లేచింది. అది దిగాక అక్కడ మా ఆయన లేడు.

అత్తమ్మ నోట అలాంటి కేక నేను ఇంతకు ముందు ఎన్నడూ వినలేదు, దవాఖానలో కూడా. నీళ్ళలోకి పరిగెత్తి, చేతులు చాచి సముద్రాన్నే తిట్టింది. "చీరే నీదంటి, కొడుకును ఇస్తనంటినా? నా కొడుకును నాకియ్యి! దొంగదానా, ఇయ్యి!" డ్రైవరు చొక్కాతోనే దూకాడు. నేను ఏం చేశానో నాకు గుర్తులేదు. బహుశా నిలబడిపోయి ఉంటాను.

డ్రైవరు ఆయన్ను కాలరు పట్టి ఈడ్చుకొచ్చి ఇసుకలో పడేశాడు. మా ఆయన దగ్గాడు, నీళ్ళు కక్కాడు, మళ్ళీ దగ్గాడు. అత్తమ్మ ఆయన మీద పడి వీపు మీద దబదబా బాదింది. కొట్టడమో, నీళ్ళు కక్కించడమో నాకు తెలియలేదు. బాదుతూనే నోరు జారింది. "గొట్టాలు పెట్టుకుని పడుంటే నీ పానం కోసం మొక్కినరా! నీ కోసమేరా! నువ్వే పోతే ఆ మొక్కు నేనేం జేసుకోవాలె?"

ఆయన దగ్గు ఆపి తల్లి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తలూపాను. పొద్దుటి నుంచి చేసిన ఎగతాళి అంతా ఆయన ముఖం మీద నుంచి దిగిపోయింది. చిన్నపిల్లాడిలా చుట్టూ ఇసుకలో వెతికాడు. నేనూ వెతికాను, డ్రైవరూ వెతికాడు. ఒడ్డు మీద లేదు, నురగలో లేదు, కనుచూపు మేర నీళ్ళ మీద ఎక్కడా ఆకుపచ్చ లేదు.

"అమ్మా, చీర ఏదమ్మా?" అన్నాడు.

అత్తమ్మ తన పైట కొంగుతో ఆయన తల తుడుస్తోంది. చెవుల్లో ఇసుక, మెడ మీద ఇసుక, అన్నీ తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"ఏ చీర?" అంది.