జిరాక్సు కాగితంలో ఆగిపోయిన తేదీ

ఈ రోజు పంజాగుట్టలో మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసి చేసి రోత పుట్టింది. వచ్చిన ముగ్గురూ అమీర్‌పేట కోచింగ్ వాళ్లే. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, సర్వర్ పంపిన రెస్పాన్స్ హెడర్లు, అంటే పేజీతో పాటు వచ్చే తేదీ వగైరా వివరాలు, చూసి చెప్పమన్నాను. ఒక్కరూ తెర వైపు చూడలేదు. ఎక్కాల్లా అప్పజెప్పారు, తేదీతో సహా! అదీ ఎనిమిదేళ్ల కిందటి తేదీ.

మూడో అతన్ని ఆపి, "ఇక్కడ ఇవాళ్టి తేదీ కనిపిస్తోంది, చూడు" అన్నాను.

చూశాడు. "మీ సైట్ల ఏదో ఖరాబైనట్టుంది సార్. మా మెటీరియల్ల గిట్ల లేదు."

ఒళ్లు మండింది. "ఏ మహానుభావుడు రాశాడయ్యా ఆ మెటీరియల్?"

బ్యాగులోంచి జిరాక్సు కాగితాలు తీసిచ్చాడు. "ఎవరు రాసిన్రో తెల్వదు సార్. దీంతోని మస్తుమందికి జాబులొచ్చినయ్."

ఆ చేతిరాత నాది. ఎనిమిదేళ్ల కిందట, ఈ ఉద్యోగం రాకముందు, అమీర్‌పేటలో ఆరు నెలలు పాఠాలు చెప్పాను. హెడర్ల కింద గీత గీసి మరీ రాశాను: "అర్థం కాకపోయినా బట్టీ పట్టండి. ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారు."

ఛీ! రాసిందీ నేనే, అడిగిందీ నేనే. ఇవాళ ఫెయిలయింది ఎవరో మీరే చెప్పండి.